నేను సరిచేసిన వంకర

నాచారంలో ఒక చిన్న ల్యాబులో కట్టుడు పళ్ళు తయారుచేయడం నా పని. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను కాబట్టి కాస్త పొగరు కూడా ఉంది. ఎలాంటి అచ్చు వచ్చినా నా చేతిలో పడితే ముత్యాల వరుసే అని చెప్పుకుని తిరిగేవాణ్ణి.

ఒకసారి ఉప్పల్ డాక్టరమ్మ పంపిన మైనం అచ్చు చూస్తే నవ్వొచ్చింది. ఎడమవైపు బాగా బయటికి ఒరిగి ఉంది. మెత్తటి మైనం నోట్లో పెట్టి, పేషెంటు చేత మాట్లాడించి, నీళ్ళు మింగించి తీశాననీ, నాలుకా బుగ్గలూ దాన్ని నెట్టి నిలిపిన చోటే పళ్ళు కూర్చోవాలనీ చీటీ కూడా రాసింది. చదివాను. ఇంత వంకర ఎక్కడుంటుందిలే, ఆమె చెయ్యి జారి ఉంటుందనుకున్నాను. ఫోన్ చేసి అడగడానికి నామోషీ. నాకు నచ్చినట్టు తీరుగా వరుస పెట్టి పంపేశాను.

ఆ నోరు పక్షవాతం వచ్చిన ఒక రిటైర్డ్ టీచరమ్మది. ఎడమ బుగ్గలో బలం లేదు, అందుకే నాలుక మైనాన్ని అటు నెట్టింది. చెల్లెలి కొడుకు పెళ్ళిలో నలుగురితో కూర్చుని తినాలని ఆవిడ పళ్ళు కట్టించుకున్నారు. పెళ్ళిలో రెండో ముద్దకే కింది సెట్టు లేచి వచ్చేసిందట. కొంగు అడ్డం పెట్టుకుని, ఆకలి లేదని చెప్పి, బంతిలోంచి లేచిపోయారట.

డాక్టరమ్మ నన్ను పిలిపించి ఆవిడ ముందే అడిగింది.

"అన్నా, నేనిచ్చిన అచ్చు లెక్కనే పెట్టినవా?"

"గట్లనే పెట్టిన మేడం."

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

"అయితే నేనే సరిగ్గ తియ్యలేదేమో," అంది డాక్టరమ్మ.

"లేదు బిడ్డా, నా మూతే వంకరైంది. నువ్వేం జేస్తవ్?" అన్నారు టీచరమ్మ.

మళ్ళీ అచ్చు తీస్తే మళ్ళీ అదే వంకర. ఈసారి దాని మీద చెయ్యి వేయలేదు. బల్ల మీద అష్టవంకరగా కనిపించిన ఆ పళ్ళు ఆవిడ నోట్లోకి వెళ్ళగానే జారిన బుగ్గ నిలబడింది. నీళ్ళు తాగారు, బిస్కెట్ నమిలారు, రెండో ఎక్కం మొత్తం అప్పజెప్పారు. సెట్టు కదల్లేదు.

వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకున్నారు. "నా నోటితోని నీకు రెండుసార్ల పని వడ్డది. ఏమనుకోకు బిడ్డా."

"పర్వాలేదమ్మా," అన్నాను, ఆవిడ తప్పును నేను మన్నించినట్టు.