నట్టో తినని మిటో మనిషి

కుసునోకి హరుయోది మిటో. పొద్దున్నే అన్నంలో తీగలు సాగే నట్టో కలుపుకోకపోతే ఆ ఊళ్లో తెల్లవారినట్టే కాదు. అయినా ఇరవై రెండేళ్లుగా ఆమె ఆ పులిసిన సోయాగింజల వంక చూడలేదు. ఉద్యోగం అలాంటిది. పరిశోధనశాలలో, బయటి గాలి చొరని ప్లాస్టిక్ గుడారాల్లో పెరిగే ఎలుకలకు ఆమె ఆయా. ఒక్క క్రిమినీ ఎరగని ఎలుకలవి. క్రిములే లేకపోతే పేగు పొరలో కాపలా కాసే రోగనిరోధక కణాలకు పనుండదు, పలచబడిపోతాయి. అక్కడివాళ్ల చదువంతా ఆ పలచదనం మీదే. నట్టో బ్యాక్టీరియా మొండిది, ఉడకబెట్టినా చావదు. అందుకే ఆమె నోరు కట్టుకుంది.

ప్రొఫెసర్ ఇసోగై గారికి ఇలాంటి చాదస్తాలు లేవు. ఆయన టీవీ మేధావి. "రోజూ నట్టో తినండి, పేగుల్లో సైన్యం సిద్ధం" అని తింటూ మరీ చెబుతారు. ఒక గురువారం ఆ కార్యక్రమం ముగించుకుని, కెమెరావాళ్లను వెంటేసుకొచ్చి, గుడారంలోకి మేత డబ్బా స్వయంగా పెట్టారు.

"చేతులు కడుక్కుని..." అని నసిగింది హరుయో.

"నాకు మీరు నేర్పాలా?"

రెండు వారాలకు ఎలుకల పేగుల్లో కాపలా కణాలు జాతరకొచ్చినట్టు మూగాయి. కొత్త సంగతి కనిపెట్టానని ప్రొఫెసర్‌గారు పొంగిపోయారు. హరుయో ఎలుకల పెంటికలు పరీక్షకు పంపింది. నట్టో బ్యాక్టీరియా బయటపడింది. క్రిమి చేరాక ఇక పనికిరావని, నాలుగు వందల ఎలుకలనూ చంపాలన్నారు. పెంచిన చేతులతోనే చంపింది.

క్రిమి ఎలా చొరబడిందో తేల్చడానికి పెట్టిన మీటింగులో ప్రొఫెసర్‌గారు ఎంతో బాధపడుతూ అడిగారు.

"మీది మిటో కదూ?"

"అవునండీ. కానీ నేను తినను. ఇరవై రెండేళ్లయింది."

"మిటో మనిషి నట్టో తినదా? ఎవరికి చెబుతారండీ."

అందరూ మర్యాదగా నవ్వారు. గురువారం సంగతి ఆమె ఎత్తబోయేసరికి టైమైపోయిందన్నారు. మర్నాటి నుంచి ఆమెను గాజుసీసాలు కడిగే గదికి మార్చారు.

ఆ సాయంత్రం హరుయో నట్టో కొనుక్కుని ఇంటికెళ్లింది. భర్త తెత్సుజి బిత్తరపోయాడు.

"నువ్వు తినకూడదుగా?"

"తిన్నానని తేల్చేశారండీ. తినకపోతే ఏం బాగుంటుంది?"

బాగా కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగుడుపడలేదు. చిన్నప్పటి రుచి ఎక్కడా తగల్లేదు. కాగితంలో ఉమ్మేసింది. మీటింగులో రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"రెండ్రోజులు తింటే అదే అలవాటవుతుందిలే," అన్నాడు తెత్సుజి.

"ఎలుకలకే రెండు వారాలు పట్టిందండీ," అంటూ కళ్లు తుడుచుకుని, ఇంకో ముద్ద తీసుకుంది.