మూగబోయిన సినిమాకు రాజమ్మ గొంతు

1993 వేసవిలో, మదనపల్లె థియేటర్లో అసిస్టెంటుగా ఉన్న నన్ను మా యజమాని కుప్పంలోని తన రెండో హాలుకు ఆపరేటరుగా పంపాడు. ఆపరేటరంటే ప్రొజెక్టరు నడిపేవాడు. పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకోవాలి. నాకది వచ్చి మూడు నెలలే అయింది. కుప్పంలోది రేకుల హాలు, ఒకే ప్రొజెక్టరు. నా పైన మేనేజరు జయరామప్ప ఒక్కడే.

నేను చేరిన వారానికే 'రెండిళ్ల రంగయ్య' పాత ప్రింటు వచ్చింది. సినిమాగా తీయకముందు అది మా సీమలో ఊరూరా ఆడిన పాటల హాస్యనాటకం. పెళ్ళాం కోపానికి జడిసిన రంగయ్య, తనకు తానే కవల తమ్ముడినని చెప్పుకుని వీధి చివర ఇంకో ఇల్లు అద్దెకు తీసుకుంటాడు. తర్వాతదంతా నవ్వులే.

మొదటిరోజు మ్యాట్నీకి హాలు నిండింది. రెండో రీలు మధ్యలో సౌండు పోయింది. ఫిల్ము అంచున శబ్దం ఒక గీతగా ఉంటుంది. దాన్ని చదివించే చిన్న దీపాన్ని ఎక్సైటర్ ల్యాంపు అంటాం. అది మాడిపోయింది. స్పేరు మదనపల్లెలో ఉంది. బస్సులో పోయి రావాలంటే ఆ రోజు గడిచిపోతుంది. జనం ఈలలు మొదలుపెట్టారు, బెంచీలు కదిలాయి.

జయరామప్ప తెర ముందున్న అరుగెక్కి, ఆట నిలిపేస్తున్నామని మైకులో చెప్పబోయాడు. ఆడవాళ్ళ బెంచీల్లోంచి ఒక ముసలావిడ లేచింది.

"యాల నిలిపేది అప్పా? బొమ్మ పడనీ. మాటలు నేను చెప్తాను."

ఆమె పేరు రాజమ్మ. పద్దెనిమిదేళ్ళు ఆ నాటకంలో రంగయ్య పెళ్ళాం వేషం కట్టిందట. సినిమా కూడా ఏడుసార్లు చూసిందట. "సినిమావోళ్ళు మార్చిన మాటలు గూడా నాకొచ్చు. అయినా మావే చెప్తా," అంది.

ఆంప్లిఫయరు బాగానే ఉంది. జయరామప్ప మైకు ఆమె చేతికిచ్చాడు, నేను బొమ్మ వేశాను. రంగయ్యకు బొంగురు గొంతు, అత్తకు ముక్కు గొంతు, పెళ్ళానికి తన సొంత గొంతు. హాలు పడిపడి నవ్వింది. ప్రొజెక్టరు క్యాబిన్ కిటికీలోంచి చూస్తూ నేనూ నవ్వాను. రీళ్ళు మార్చేటప్పుడు మాత్రం ఆమె నీళ్ళు తాగి ఊపిరి తీసుకునేది.

చిక్కు ఆరో రీలులో, పెళ్ళాం అలిగి పాడే పాట దగ్గర వచ్చింది. రాజమ్మ రాగం తీస్తుండగానే తెర మీద పాట అయిపోయింది. జనం నాటకాల్లో మాదిరే "వన్స్ మోర్!" అని అరిచారు.

జయరామప్ప రొప్పుతూ క్యాబిన్‌లోకి వచ్చాడు. "రీలు ఎనక్కి తిప్పప్పా. తెర మీది పిల్ల నోరు తొందరగా మూసేస్తాండాదంట. తాను రాగం యాడ తీసేదని రాజమ్మ కోప్పడతాండాది!"

ఆట మధ్యలో రీలు వెనక్కి తిప్పకూడదని మా గురువు నేర్పాడు. అయినా తిప్పాను. సౌండు ఉంటే మోటారు వేగం తగ్గించకూడదు, గొంతులు సాగిపోతాయి. ఆ రోజు సౌండే లేదు. రెగ్యులేటరు కొంచెం తగ్గించాను. మరీ నెమ్మదిస్తే బొమ్మ వేసే పెద్ద దీపం వేడికి ఫిల్ము కాలుతుంది. అందుకే ఒక చేయి ఆ వెలుగును ఆపే షట్టరు మీదే ఉంచాను. తెర మీద హీరోయిన్ తీరిగ్గా నోరు తెరిచింది. రాజమ్మ రాగం పూర్తిగా తీసింది. ఇద్దరి నోళ్ళూ ఒకేసారి మూతపడ్డాయి. జనం బెంచీలెక్కి చప్పట్లు కొట్టారు.

మర్నాడు ల్యాంపు వచ్చింది, సౌండు బాగుపడింది. టికెట్టు తీసుకునేవాళ్ళు మాత్రం, "ఈ పొద్దు ఆయమ్మ చెప్పదా?" అని అడుగుతూనే ఉన్నారు.

ఆ తర్వాత పుంగనూరులో, పలమనేరులో పదిహేనేళ్ళు పనిచేశాను. ఎక్కడ చేరినా మొదట స్పేరు ల్యాంపులు సరిచూసేవాణ్ణి. నాటకం నుంచి తీసిన సినిమా వస్తే, ఆ నాటకం ఆడినవాళ్ళు ఊళ్ళో ఎవరున్నారో కనుక్కుని మొదటి ఆటకు పిలిపించేవాణ్ణి. రెండోది ఏ లైసెన్సు పరీక్షలోనూ అడగరు.