పెద్దాయన చేతికి పట్టీ

ల్యాబులో అందరూ పెద్దాయన అని పిలిచే ఆ ఇంజనీరు ముప్పై ఏళ్లుగా బైపోలార్ ట్రాన్సిస్టర్లతోనే సర్క్యూట్లు గీశాడు. అవి కరెంటు ఎక్కువే తాగుతాయి, కానీ మొండివి. జేబులో వేసుకుని తిరిగినా, వాటి తీగ కాళ్లు గోటితో వంచినా చెక్కుచెదరవు. కరెంటు పొదుపు చేసే సీమాస్ చిప్పులంటే ఆయనకు చులకన. మనిషి ఒంట్లో పుట్టే స్థిర విద్యుత్తుకే అవి చచ్చిపోతాయని అక్కడ అందరూ దాన్ని నేలలోకి పంపేసే పట్టీ మణికట్టుకు కట్టుకుంటారు. "నా చేతిలో ఇంతవరకు ఒక్కటీ పోలేదు, నాకెందుకయ్యా ఈ గాజులు?" అంటాడాయన.

కొత్త సీమాస్ బోర్డులు పరీక్షకని తన బల్ల మీదికి రాగానే పాడైపోతుంటే, వాటికి చిప్పులు సోల్డరింగ్ చేసే ఆవిడను అందరి ముందూ కడిగేశాడు. "చేతులా అవి, రోకలిబండలా?" ఆవిడ తన పట్టీ సరిచూసుకుని మళ్లీ పనిలో పడింది. తర్వాతి వారం ఆవిడ సెలవు. సోల్డరింగూ ఆయనే చేశాడు. అయిదు బోర్డులు చేస్తే అయిదూ పోయాయి. తన వేళ్లకేసి చాలాసేపు చూసుకున్నాడు. సోమవారం ఆవిడ వచ్చేసరికి ఆయన మణికట్టుకు పట్టీ ఉంది. "అమ్మా, మొన్న..." అంటూ పట్టీ సవరించుకోబోయాడు. ఆవిడ దగ్గరకొచ్చి, "వదులుగా ఉంది సార్, చర్మానికి ఆనకపోతే లాభం లేదు," అంటూ తనే బిగించింది. అందరూ చూస్తున్నారు. ఆయన చెయ్యి అలాగే చాచి ఉంచాడు గానీ, తల మాత్రం ఎత్తలేకపోయాడు.