చివరి పెట్టె దాటేదాకా

తార్నాకలో గది ఖాళీ చేస్తూ సామాన్ల జాబితాకు టిక్కులు పెడుతున్నాను. "బొమ్మ ఇటుకలు, రెండు డబ్బాలు" అన్న వరుస దగ్గర చెయ్యి ఆగింది. పై డబ్బాలో ఒక చిన్న రైలు పెట్టె, దాని వెనక పసుపు రంగు గుణకారం గుర్తు. ఆ గుర్తు అంటించింది మా మేనమామ. ముప్పయ్యేళ్లు రైల్వే గేటు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి, మాణికేశ్వర్ నగర్‌లో ఉంటాడు.

ఎం.టెక్. చివరి ఏడాది మా డిపార్ట్‌మెంట్ ప్రదర్శన కోసం ఈ బొమ్మ ఇటుకలతో కట్టిన రైలుకు వాటంతటవే పడి లేచే గేట్లు చేశాను. పట్టాల పక్కన రెండు సెన్సార్లు, చిన్న మోటారు, ఎర్రలైటు, గంట. ఇంజను మొదటి సెన్సార్ దాటితే గేటు పడుతుంది, రెండోది దాటితే లేస్తుంది. నలభైసార్లు తిప్పి, నలభైకి నలభై అని నోటుబుక్కులో రాసుకున్నాను. ప్రాజెక్టు మార్కుల్లో సగం ఆ ప్రదర్శన మీదే. ముందురోజు మధ్యాహ్నం మామను క్యాంపస్‌కు పిలిచింది, నిజం చెప్పాలంటే, మెచ్చుకుంటాడనే.

చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని వచ్చి, డ్యూటీలో ఉన్నట్టే బల్ల పక్కన నిలబడ్డాడు. మూడు చుట్లు చూశాడు. పక్కన పడి ఉన్న నాలుగు పెట్టెలు తీసి రైలుకు తగిలించాడు. ఇంజను రెండో సెన్సార్ దాటింది, గేటు దర్జాగా లేచింది. పట్టాలకు అడ్డంగా వేసిన బొమ్మ రోడ్డు మీద ఇంకా మూడు పెట్టెలున్నాయి.

"ఏందల్లుడా, జనాన్ని బండి కిందికి తోలుతున్నవ్?"

"రేపు అన్ని పెట్టెలు పెట్టను మామా."

"నువ్వు పెట్టవ్. చూసెటోళ్లు పెట్టరా? ఇంజన్ పోతే బండి పోయినట్టా? తోక చూడాలె. ఆఖరు డబ్బ ఎనక పసుపు గుణకారం గుర్తుంటది, అది కనవడ్డంకనే గేటు లేపాలె. ఆటోలోళ్లు ఎన్ని తిట్టిన్రో నన్ను! తిట్టనీ. బతికుంటేనే గద తిట్టేది."

నా నలభై పరీక్షల్లో రైలు పొడవు ఒక్కసారీ మారలేదు. రెండో సెన్సార్ తీసేసి, చివరి పెట్టె అడుగున అయస్కాంతం, పట్టా కింద దానికే పనిచేసే స్విచ్ పెట్టాను. పెట్టెలు ఎన్ని కలిపినా మధ్యలోనే కలపాలి. మామ పసుపు స్టిక్కర్ కత్తిరించి, ఆ పెట్టె వెనక వంకర లేకుండా అంటించాడు. నేను గీసే గీతలకన్నా తిన్నగా వచ్చింది.

మర్నాడు మార్కులు వెయ్యడానికి వచ్చిన మేడమ్, అడగకుండానే మధ్యలో ఆరు పెట్టెలు కలిపారు. ఇంజను రోడ్డు దాటిపోయినా గేటు లేవలేదు. "ఆగిపోయిందా?" అన్నారు. నేను రైలు తోక వైపు వేలు చూపించేలోపు పసుపు గుర్తు రోడ్డు దాటింది, గేటు లేచింది. జనం వెనక నిలబడ్డ మామ, గార్డుకు చూపినట్టు చెయ్యి పైకెత్తాడు.

ఆయన పనిచేసిన గేటు ఇప్పుడు లేదు, అక్కడ వంతెన కట్టారు. ఈ గదిలో నా నాలుగేళ్లూ ఇవాళ్టితో అయిపోతున్నాయి. అవి ఎప్పుడు మొదలయ్యాయో తేదీతో సహా రాసిపెట్టుకున్నాను. వెళ్లిపోతున్నదాన్ని చివరిదాకా నిలబడి చూడటం మాత్రం మామ దగ్గరే నేర్చుకున్నాను.