రాజవ్వ భవంతి దర్వాజ

ఉలి పట్టి బతికేవాణ్ని. ఆ ఉలి మీద ఒట్టేసి చెబుతున్నా... ఇది జరిగింది. నాకే జరిగింది.

పోయిన ఎండాకాలం. సారంగాపూర్ దగ్గర పసుపు చేల మధ్య ఓ పాత భవంతి. నాలుగు వైపులా అర్రలు, నడుమ ఆకాశం కనబడే గచ్చు. మూరెడు మందం మట్టిగోడలు. పైకప్పును మోసే టేకు మొగురాలు నున్నగా, చేత్తో తడిమితే చల్లగా ఉండేవి. ముందు దర్వాజకు చెదలు పట్టిందని ఇంటామె రాజవ్వ నన్ను పిలిచింది. కూలీలతో కలిసి తలుపులతో సహా ఊడదీసి గచ్చు మీద పడుకోబెట్టాను. గోడలో పెద్ద ఖాళీ మిగిలింది.

కూలీలు వెళ్లిపోయారు. మా మెట్‌పల్లికి చివరి బస్సూ పోయింది. ఆ ఖాళీకి ఎదురుగానే చాప వేసుకున్నాను. రాజవ్వ లోపలి అర్రలో పడుకుంది.

నడిరాత్రి దాటింది. కునుకు పడుతుండగా... కిర్ర్ర్...

బరువైన తలుపు మెల్లగా తెరుచుకుంటున్న చప్పుడు. దిగ్గున లేచాను. తలుపులు నేల మీదే ఉన్నాయి. చప్పుడు మాత్రం... ఆ ఖాళీలోంచి.

ఊపిరి బిగబట్టాను. గాజులు కదిలాయి. తర్వాత... చెవి పక్కనే అన్నట్టు... ఆడగొంతు.

"అచ్చినవా?"

ఒళ్లు జల్లుమంది. కానీ ఎలా చెప్పను... భయం ఒక్క క్షణమే. అప్పటికి ఏడాది కిందట పోయిన నా భార్య లక్ష్మి, నేనెంత ఆలస్యంగా ఇల్లు చేరినా తలుపు తీసి ఇదే మాట అడిగేది.

"అచ్చిన" అన్నాను.

టక్... గొళ్లెం పడింది. అంతే.

తెల్లారాక రాజవ్వతో చెప్పాను. నవ్వుతుందనుకున్నా. ఆమె మొగురం పట్టుకుని కూలబడింది.

"మా అవ్వ గట్లనే అడుగుతుండె తమ్మీ." అవ్వంటే ఆమె కన్నతల్లి. "చేన్ల నుంచి ఎవ్వలచ్చినా దర్వాజ కాడ నిలవడి అడుగుతుండె. పోయి పదేండ్లాయె. రోజూ గీడ్నే పండుకుంటున్న... నన్నొక్కసారన్న అడగకపాయె."

"మా లక్ష్మి గొంతు లెక్కనే ఉండె అక్కా..."

"ఏమో తమ్మీ. నిన్నన్న అడిగింది."

ఆ రోజు దర్వాజ నిలబెట్టనివ్వలేదు రాజవ్వ. రాత్రి ఇద్దరం ఆ ఖాళీకి ఎదురుగా కూర్చున్నాం. ఆకు కదల్లేదు. కుక్క మొరగలేదు. తొలికోడి కూసే వేళకు రాజవ్వ చీకట్లోకి చూస్తూ చిన్నగా పిలిచింది.

"అవ్వా... నేనే... రాజిని."

ఎవరూ పలకలేదు. ఆమె మళ్లీ పిలిచింది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

ఆ గొంతు ఆమె తల్లిదో... నా లక్ష్మిదో... ఇప్పటికీ నాకు తెలియదు.