సియోభాన్ కాదు, షివాన్

న్యూజెర్సీలో ఒక ఆసుపత్రి రికవరీ గదిలో నేను నర్సుని. ఆపరేషన్ అయ్యాక మత్తు దిగేదాకా మనిషిని కనిపెట్టుకుని ఉండడం నా పని. భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగి, పేరు పెట్టి పిలుస్తాం. ఊరు, తేదీ, ఏవీ గుర్తులేని స్థితిలో కూడా తన పేరు వినబడితే మనిషి పలుకుతాడు.

ఆ మధ్యాహ్నం తుంటి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడని నాకు అప్పగించారు. డెబ్బై దాటి ఉంటాయి. ఆపరేషన్ గదివాళ్లు ఇంటిపేరుతోనే చెప్పి వెళ్లిపోయారు. మణికట్టు పట్టీ మీద చూస్తే ఎస్, ఐ, ఓ, బి, హెచ్, ఏ, ఎన్. సుభద్ర, భారతి అని ఇంగ్లిష్‌లో రాసుకుంటూ పెరిగినదాన్ని. బి పక్కన హెచ్ కనబడితే నాకది భ. "సియోభాన్" అని ధైర్యంగానే పిలిచాను.

ఆవిడ కళ్లు తెరిచింది గానీ, నన్ను దాటి ఎటో చూసింది. ముఖం మీది ఆక్సిజన్ మాస్క్ పీకేసి మాట్లాడడం మొదలుపెట్టింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతులోంచి వచ్చే శబ్దాలు, ఎక్కడ ఏ మాట ఆగి ఏది మొదలవుతోందో తెలియకుండా. మళ్లీ పిలిచాను. తనని కానట్టే ఆ మాటలే సాగించింది.

మత్తు డాక్టర్ల దగ్గర శిక్షణలో ఉన్న అమ్మాయి వచ్చి చూసింది. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. తెలుగులో మాట్లాడేటప్పుడు నన్ను ఆంటీ అంటుంది.

"ఆంటీ, మార్నింగ్ ఆమె నాతో ఫైన్‌గా మాట్లాడింది, జోక్స్ కూడా వేసింది. ఇప్పుడు వర్డ్స్ అన్నీ మిక్స్ అవుతున్నాయి. స్ట్రోక్ ఏమో?"

"ముఖం ఓ పక్కకి లాగలేదమ్మా. రెండు చేతులూ బాగానే ఆడుతున్నాయి."

"అయినా నేను స్ట్రోక్ టీమ్‌ని కాల్ చేస్తాను. మీరు ఫ్యామిలీ ఎవరైనా ఉన్నారేమో చూడండి."

అది సరైన పనే.

వెయిటింగ్ హాల్లోకి వెళ్లి "సియోభాన్ తాలూకు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను. ఎవరూ కదల్లేదు. కాసేపటికి, ఒళ్లో రెండు కళ్లజోళ్లు పెట్టుకుని కూర్చున్న ఒక ముసలావిడ తలెత్తింది.

"మీరు అడుగుతున్నది షివాన్ గురించా? నేను చెల్లెల్ని."

నడుస్తూనే సంగతి చెప్పాను. ఆవిడ తన చేతికర్ర పక్కకి పెట్టి మంచం దగ్గర నిలబడి, అక్క మాటలు ఒక నిమిషం విన్నది. ముఖం వణికింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వింది.

"మాట పోలేదు. తలుపు వెయ్యమంటోంది. కోళ్లు ఇంట్లోకి వచ్చేస్తున్నాయట."

అది ఐరిష్ భాష. ఐర్లండ్ పడమటి ఒడ్డున వాళ్లింట్లో చిన్నప్పుడు అదే మాట్లాడేవారట. ఇక్కడికి వచ్చాక భర్తలతో, పిల్లలతో అంతా ఇంగ్లిషే. అక్క నోట ఆ భాష విని ఎన్నో ఏళ్లయిందని చెబుతూ, చెల్లెలు వంగి పిలిచింది.

"అ హివాన్."

పెద్దావిడ అటు తిరిగింది. ఇద్దరూ ఆ భాషలోనే ఏదో అనుకున్నారు. స్ట్రోక్ డాక్టర్లు వచ్చేసరికి ఆవిడ చెల్లెలి చెయ్యి పట్టుకుని, "ఇక్కడ ఇన్ని లైట్లు ఎందుకండీ?" అని ఇంగ్లిష్‌లో అడుగుతోంది. వాళ్లు పరీక్షలన్నీ చేసి, స్ట్రోక్ లక్షణాలేవీ లేవు, ఈ వయసులో మత్తు దిగేటప్పుడు ఇలాంటి అయోమయం వస్తుంటుందన్నారు. డాక్టరమ్మాయి స్టూల్ లాక్కుని కూలబడింది.

"హమ్మయ్య, ఆంటీ. ఐరిష్ అంటే ఇంగ్లిష్‌లో యాక్సెంట్ అనుకున్నా నేను."

నాకు మాత్రం ఒక సందేహం మిగిలింది. "మీరు షివాన్ అన్నారు కదా. మరి హివాన్ అని పిలిచారేం?" అని చెల్లెల్ని అడిగాను.

"తన గురించి చెప్పేటప్పుడు షివాన్. తననే పిలిచేటప్పుడు హివాన్. పిలిస్తే పేరు మారుతుంది మాకు."

మాకూ అంతే అన్నాను. రాముడు అని చెప్పుకునేవాణ్ణి పిలిచేటప్పుడు రామా అంటామని చెబితే ఆవిడకి భలే నచ్చింది. అక్కని ఇంకో గంట ఇక్కడే ఉంచాలి కాబట్టి, చెల్లెలు నాకు ఐరిష్ పేర్ల పాఠం మొదలుపెట్టింది. వాళ్ల దగ్గర బి పక్కన హెచ్ వస్తే వ; ఎమ్ పక్కన వచ్చినా వ. ఎన్, ఐ, ఏ, ఎమ్, హెచ్ అని ఉంటే నియామ్ అని చదివేదాన్ని నేను, అది నీవ్. ఏ, ఓ, ఐ, ఎఫ్, ఈ అని రాసి ఈఫా అంటారు. రాసినట్టే చదవడం అలవాటైన నాకు నవ్వొచ్చింది. తర్వాత సి, ఏ, ఓ, ఐ, ఎమ్, హెచ్, ఈ అని చెప్పి, "ఇది కీవా" అంది.

"క్వీవా," అంది మంచం మీంచి పెద్దావిడ, కళ్లు మూసుకునే.

"ఉత్తరాన కీవా అనే అంటారు."

"మనం ఉత్తరాన పుట్టామా?"

డాక్టరమ్మాయి నా వైపు చూసి నవ్వు ఆపుకుంది. మనిషి పూర్తిగా తెలివిలోకి వచ్చిందని ఇంక ఏ మానిటరూ చెప్పక్కర్లేదు. ఆవిడకి టీ కావాలట. ముందు కొంచెం నీళ్లు తాగించి, మింగడం బాగుందని చూసుకుని, పాలు కలిపిన టీ పంపమని పై వార్డుకి ఫోన్ చేశాను.