చింతగింజ రంగు సీట్లు

మొన్న సుపేలాలో, కారు లోపల శుభ్రం చేసే దుకాణం ముందు కూర్చుని ఉండగా, పనివాడు సీట్లకు రాసే క్రీము డబ్బా మూత తీశాడు. పైపైన నిమ్మవాసన. దాని అడుగున ఎండకు వేడెక్కిన తోలు వాసన. కొత్త కారు హోదాలా ఉంటుందట అది చాలామందికి. నాకు మాత్రం ఆ వాసన తగిలితే తల దానంతటదే వాలిపోతుంది.

డెబ్బైల చివర్లో మేం అదే ఊళ్ళో ఖుర్సీపార్‌లో ఉక్కు ప్లాంటు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా వరసలో సగానికి పైగా విశాఖ, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే. వేసవి వచ్చిందంటే గుమ్మాల ముందు నులకమంచాల మీద ఆవకాయకు తుడిచి ఆరబెట్టిన మామిడిముక్కలు, గంపల్లో అమ్మకానికొచ్చే తునికిపళ్ళు, ఎక్కడినుంచో గాలికి తేలివచ్చే ఇప్పపూల మత్తు వాసన, వాటన్నిటి మీదా ప్లాంటు వైపు నుంచి వచ్చి మెత్తగా వాలే ఎర్రటి దుమ్ము. ఆ దుమ్ములోనే పిల్లలం సగం హిందీలోనూ సగం తెలుగులోనూ పోట్లాడుకుంటూ పెంకులు పేర్చి బంతితో పడగొట్టే పిట్టూ ఆడేవాళ్ళం.

మా నాన్న ప్లాంటులో ఇంజనీరు. రిటైరై వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర పాత విలాయతీ కారు కొన్నారు. వరస మొత్తానికి అదొక్కటే కారు. దాని సీట్లు అసలైన తోలువి, చింతగింజ రంగు. ఆదివారం వస్తే నాన్నకు వాటి సేవే. కుంచెతో కుట్ల సందుల్లోని దుమ్ము దులిపి, సబ్బునీళ్ళు కాకుండా నురగ మాత్రం పాత బనియను గుడ్డకు అద్దుకుని తుడిచి, నీడన ఆరనిచ్చి, ఆముదంలో తేనెమైనం కరిగించి గోరువెచ్చగా అరచేత్తో రుద్దేవారు. నూనె ఇంకేదాకా ఎవరూ ఎక్కకూడదు. ఎక్కాక నేరేడుపళ్ళు తినకూడదు, తలకు నూనె ఉంటే వెనక్కి ఆనకూడదు, కాళ్ళు దులుపుకోకుండా లోపల పెట్టకూడదు. వానాకాలం బూజు పడితే ఆయన మొహం చూడలేకపోయేవాళ్ళం.

మా పక్కింట్లో అప్పలనరసమ్మ మామ్మ ఉండేది. ఆమె కొడుకు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసేవాడు. కోడలు పార్వతక్కకు అప్పుడు నెలలు నిండాయి. ఒక మే నెల మధ్యాహ్నం, నాన్న సీట్లకు నూనె పట్టించి చేతులు కడుక్కుంటుండగా మామ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"బాబూ, కోడలికి నొప్పులొచ్చేసినాయి. ఆడు డ్యూటీలో ఉన్నాడు. బేగి ఆస్పత్రికి తీసుకెళ్ళాల."

"ఒక్క నిమిషం పిన్నీ, సీటు తడిగా ఉంది, పట్టా వేస్తాను," అని నాన్న లోపలికి వెళ్ళారు. ప్లాస్టిక్ పట్టా దొరకలేదు. అటకమీద వెతికారు. దాని కోసం పెట్టెలు దించారు. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఏమండీ, ఇప్పుడు పట్టా ఏమిటండీ!" అని అరుస్తూనే ఉంది. ఆయన పట్టా పట్టుకుని బయటికొచ్చేసరికి పార్వతక్కను మామ్మ కారుదాకా నడిపించుకొచ్చింది. ఉమ్మనీరు పోయి ఆమె చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకు అతుక్కుని ఉన్నాయి. నాన్న ఆ చీరవంక చూశారు. తర్వాత సీటువంక చూశారు. అంతే. కానీ ఆ చూపు మామ్మ చూసింది. నేనూ చూశాను.

"పదమ్మీ, రిక్సాలో ఎల్లిపోదాం," అంది మామ్మ.

వీధి చివర సైకిల్ రిక్షా దొరికింది. అమ్మ గొడుగూ ఒక దుప్పటీ పట్టుకుని వాళ్ళతో ఎక్కింది. నాన్న పట్టా కింద పడేసి కారు తీసి వెంటపడి, "పిన్నీ, ఎక్కండి, ఎక్కండి" అని బతిమాలుతూ చాలా దూరం పక్కనే నడిపారట. మామ్మ తల తిప్పలేదట. ఆస్పత్రి గేటు కనబడుతుండగానే రిక్షాలో, అమ్మ విప్పి అడ్డం పట్టిన దుప్పటి చాటున, పిల్లవాడు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది.

బారసాలకు మమ్మల్నీ పిలిచారు. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాం. అక్కడ ఎవరో అననే అన్నారు, "పక్కింట్లో కారెట్టుకుని రిక్సా ఏటి మామ్మా?" అని. నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. నాన్న చేతిలో మిఠాయి అలాగే ఉండిపోయింది.

"బాబు ఎక్కమనే అన్నాడర్రా. పెట్రోలు వాసనకి కోడలికి కడుపులో తిప్పుతాదని నానే వొద్దన్నాను," అంది మామ్మ, మావైపు చూడకుండానే, మనవడికి ఊయల ఊపుతూ.

ఆమె తిట్టి ఉంటే ఏదో ఒకరోజు మరిచిపోయేవాళ్ళమేమో.

పిల్లవాడికి సోమేశ్వరరావు అని పేరు పెట్టారుగానీ వరసంతా వాణ్ణి రిక్షా అనే పిలిచింది. ముద్దుగానే. పొద్దు గూకితే "ఒరే రిక్సా, అన్నానికి రారా!" అన్న మామ్మ కేక గోడ దాటి మా ఇంట్లోకి వచ్చేది. నాన్న తింటుంటే ముద్ద ఆగిపోయేది, చదువుతుంటే పేపరు మొహానికి అడ్డం వచ్చేది. ఆ తర్వాత ఆయన ఎవరికి జ్వరమన్నా తాళాలు పట్టుకుని వెళ్ళి నిలబడేవారు. "పర్లేదు సార్, ఆటోకి చెప్పాం," అనేవారు మర్యాదగా. కారు ఎక్కినవాడు ఆ పిల్లవాడొక్కడే. నడక వచ్చిన దగ్గర్నుంచీ బురదకాళ్ళతో సీట్లమీద గెంతేవాడు. ఒకసారి మేకు ఒకటి దొరికితే కుట్టు విప్పి లోపలి పీచంతా బయటికి లాగాడు. నాన్న పక్కనే నిలబడి చూశారు. "జాగ్రత్త నాన్నా, చేతికి గుచ్చుకుంటుంది" అని మాత్రం అన్నారు. ఆముదం సీసా మళ్ళీ తీయలేదు. సీట్లు ఎండకు పగిలి, చిట్లి, చివరికి కారు తుక్కుకింద పోయింది.

మొన్న దుకాణంలో పని తెమిలేలా లేదని, వైశాలి నగర్‌లో ఉంటున్న పార్వతక్కను చూడటానికి వెళ్ళాను. మామ్మ లేదు. మా వరస క్వార్టర్లు కూలగొట్టేశారట. నులకమంచాలు లేవు, తునికిపళ్ళ గంపలు లేవు, సుపేలాలో ఆ సైకిల్ రిక్షాలూ కనబడలేదు. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. పార్వతక్క అన్నీ మాట్లాడింది, ఆవకాయ జాడీలు, కుళాయి దగ్గర తగువులు, మా అమ్మ నవ్వు. ఆ మధ్యాహ్నం ఊసు మాత్రం ఎత్తలేదు.

తిరిగి దుకాణం దగ్గర దింపడానికి సోమేశ్వరరావు తన కారు తీశాడు. జుట్టు నెరిసింది. దారిలో నవ్వుతూ అన్నాడు:

"దీదీ, అంకుల్ నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టేవారు, యాద్ ఉందా? అంత మంచి మనిషిని నేను చూడలేదు. నేను పుట్టినరోజు కారు తీసే టైమే లేకపోయిందని అమ్మ చెప్తాది. అందుకే రిక్షా అయిపోయాను."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాను:

"అవును తమ్ముడూ. టైం లేకపోయింది."